టికెట్టు లేని తోట, మేర ఉన్న అడవి

ఒక శిక్షణ కోసం ఏజెన్సీ నుంచి ఆరుగురం ఉపాధ్యాయులం బెంగళూరు వెళ్లాం. మేము దిగిన చోట తెల్లవారకముందే బస్సుల హారన్లు మొదలయ్యేవి. మూడో రోజుకు తలలు దిమ్మెక్కిపోయాయి. వసతి గృహం కాపలాదారు మా ముఖాలు చూసి, “లాల్‌బాగ్‌కు వెళ్లండి. పొద్దున నడకకు వచ్చేవాళ్లకు టికెట్టు ఉండదు. తొమ్మిది దాటితే కొనాలి” అన్నాడు. మరుసటి రోజు ఆరు గంటలకే గేటు ముందు నిలబడ్డాం.

లోపలికి వంద అడుగులు వేశామో లేదో, చెవులకు హాయి అనిపించింది. సుమారు 240 ఎకరాల తోట అది. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టాడు. కొడుకు టిప్పు సుల్తాన్ దేశదేశాల నుంచి మొక్కలు తెప్పించి పెంచాడు. తర్వాత తెల్లదొరల చేతికి, మైసూరు రాజుల కాలం దాటి, ఇప్పుడు కర్ణాటక ఉద్యానశాఖ చేతికి వచ్చింది. లోపల ఒక రాతి గుట్ట ఉంది. ఆ రాయి వయసు దాదాపు మూడు వందల కోట్ల ఏళ్లు. దాని మీద ముసలివాళ్లు కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. పిల్లలు జారుతున్నారు. కోటీశ్వరుడు, కూలివాడు ఒకే దారిలో నడుస్తున్నారు. ఎవరినీ ఎవరూ నువ్వెవరని అడగడం లేదు.

చెట్లకు పేర్ల పలకలు కట్టారు. మాకు సిల్వర్ ఓక్ కనిపించగానే ఇంటి మనిషి ఎదురైనట్టయింది. పాడేరు, అరకు కొండల్లో మన కాఫీ తోటలకు నీడనిచ్చే చెట్టు అదే కదా. పుట్టిల్లు మాత్రం ఆస్ట్రేలియా. ఎక్కడి చెట్టో వచ్చి మన బతుకులో కలిసిపోయింది అనుకున్నాం.

అక్కడే ఒక చిన్న సంగతి జరిగింది. మాలో ఒక టీచరమ్మకు ఏ చెట్టు కనిపించినా ఆకు తుంచి, నలిపి వాసన చూడటం అలవాటు. మనలో చాలామందికి ఉన్న అలవాటే. చెట్టును పలక చూసి కాదు, వాసన చూసి గుర్తుపడతాం. ఆమె ఒక కొమ్మ వంచి ఆకు తుంచబోయింది. పక్కన ఎండుటాకులు ఊడుస్తున్న ఒక ముసలామె చీపురు ఆపి తెలుగులోనే అంది:

“తెంపొద్దమ్మా. పొద్దన్నుంచి ఎంతమంది వస్తారో చూస్తివి కదా. తలా ఒగటి తెంపితే చెట్టుకేం మిగుల్తాది?”

తిట్టలేదు. ఇంటి కోడలికి చెప్పినట్టు చెప్పింది. వాళ్లది హిందూపురం పక్క పల్లెట. చాలా ఏళ్లుగా అక్కడే ఊడుస్తోందట. టీచరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. కానీ మా అందరికీ ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. అడవి బిడ్డలకు ఆకు తుంచొద్దని ఒకరు చెప్పాలా? ఆ రోజంతా అదే మాట మాట్లాడుకున్నాం. తిరుగు ప్రయాణంలో రైల్లోనూ అదే.

ఉచితం అంటే ఏమిటి? ఇదీ మా ముందు నిలిచిన ప్రశ్న.

ఆ తోట పొద్దుటి పూట ఉచితం. కానీ ఖర్చు లేకుండా లేదు. ఊడ్చే ఆమెకు కూలి ఉంది, నీళ్లు పట్టే మనిషికి జీతం ఉంది. ఆ డబ్బు జనం కట్టిన పన్నుల నుంచి, టికెట్ల నుంచి వస్తుంది. అంతకంటే ముఖ్యంగా, వచ్చేవాళ్లంతా ఒక మాటకు కట్టుబడాలి. చూడు, నడువు, కూర్చో, దేనినీ తెంపకు. వేలమంది వచ్చే తోటకు ఈ కట్టుబాటు న్యాయమైనదే. ముసలామె మాటలో తప్పు లేదు.

మన అడవినీ బయటివాళ్లు ఉచితం అంటారు. “మీకేం, అన్నీ ఊరికే దొరుకుతాయి” అని సంతలో ఎన్నిసార్లు వినలేదు? నిజంగా ఊరికే దొరికాయా? మామిడి చెట్టు నిండా కాయలున్నా, ఊరంతా కలిసి కొత్త చేసి, దేవతకు పెట్టేదాకా మన పెద్దలు నోట పెట్టేవారు కాదు. సామ అయినా, కొర్ర అయినా, చిక్కుడు అయినా అంతే. చిన్నప్పుడు పచ్చి మామిడికాయ దొంగచాటుగా కొరికి, అవ్వ చేతి దెబ్బ తిననివారు మా ఆరుగురిలో ఒక్కరూ లేరు. అప్పుడు అది భయంగా ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే అందులో లెక్క కనిపిస్తోంది. కొత్త నాటికి కాయ ముదురుతుంది, టెంక గట్టిపడుతుంది. ఆ టెంకే వానాకాలంలో అంబలికి అక్కరకొస్తుంది. మిగిలిన టెంక మొలకెత్తుతుంది. అన్నిటికంటే పెద్ద సంగతి, ముందు లేచినవాడికి ఎక్కువ, ఆలస్యంగా వచ్చిన ముసలమ్మకు తక్కువ అనేది ఉండదు. అందరికీ మొదలు ఒకే రోజు.

తోట చెప్పే మాట, తెంపకు. అడవి చెప్పే మాట, వేళకు తెంపు, మేరకు తెంపు. తోటలో చెట్టు కంటికి. అడవిలో చెట్టు కడుపుకు, మందుకు, పూజకు, ఇంటి కప్పుకు. ఒకచోట న్యాయమైన కట్టుబాటును ఇంకోచోట రుద్దితే అన్యాయమవుతుంది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక జరిగింది ఇదే. రిజర్వు అడవి అని గీత గీశారు. అడవి మీద బతికేవాడు ఆ గీత లోపల దొంగ అయ్యాడు. అదే గీత లోపలి నుంచి కలప మాత్రం సర్కారు అనుమతితో బయటికి పోయింది. 1922లో గూడెం, చింతపల్లి కొండల్లో లేచిన తిరుగుబాటు వెనుక పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి ఉన్నాయని మన పిల్లలకు పాఠం చెబుతూనే ఉన్నాం. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద మన హక్కును ఒప్పుకుంది. పోయినదానిలో కొంత చేతికి వచ్చింది.

ఇక్కడిదాకా చెప్పి ఆగితే మనకు సుఖంగా ఉంటుంది. కానీ ముల్లు ఇంకా దిగలేదు.

ఈరోజు మన ఊళ్లలో ఏం జరుగుతోంది? ఉసిరికాయ కోయడానికి చెట్టెక్కే ఓపిక లేక కొమ్మకు కొమ్మే నరికేస్తున్నాం. నరమామిడి చెక్క కోసం చెట్టు చుట్టూ బెరడు ఒలిచేస్తున్నాం. చుట్టూ ఒలిస్తే చెట్టు నిలబడే ఎండిపోతుందని మన తాతలకు తెలుసు, మనకూ తెలుసు. సంతలో షావుకారు ముందుగా ధర చెబితే, కొత్త పండుగ దాకా ఆగే ఇళ్లు తగ్గిపోతున్నాయి. తోటలో ముసలామె అడిగిన ప్రశ్న మన అడవికీ సరిగ్గా సరిపోతుంది. తలా ఒకటి తెంపితే చెట్టుకేం మిగులుతుంది?

మన యువకులు దీనికి గట్టిగానే జవాబు చెబుతారు. “లారీలకు లారీలు మోసుకుపోయినవాళ్లను అడగరు. కొండ కింద ఖనిజం కోసం కొండనే తవ్వుతామనేవాళ్లను అడగరు. నాలుగు కాయలు కోసుకున్న మమ్మల్నే అడుగుతారా?” ఈ కోపం న్యాయమైనది. ఇంట్లో బియ్యం లేనివాడికి మేర గురించి పాఠం చెప్పడానికి నెల జీతం తీసుకునే మాకు నోరు రాదు. ఇంకొకటి కూడా స్పష్టంగా చెప్పాలి. మనం మంచిగా ఉంటేనే మనకు హక్కు అనే మాటను మేము ఒప్పుకోం. పట్టా ఉన్న రైతును మంచివాడివేనా అని ఎవరైనా అడుగుతారా? మన హక్కు మన మంచితనానికి దొరికిన బహుమతి కాదు.

అయినా చెట్టు దగ్గర ఈ వాదన నిలవదు. బెరడు ఒలిచిన చెయ్యి ఎవరిదని చెట్టు చూడదు. కాంట్రాక్టరు ఒలిచినా ఎండుతుంది, మనం ఒలిచినా ఎండుతుంది. అదే చట్టంలోని అయిదో సెక్షను అడవిని, జీవజాలాన్ని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఆ గ్రామసభలో కూర్చుని బయటివాడిని వద్దనాలంటే, మన ఊరి మేర ఏమిటో మనకు తెలిసి ఉండాలి. ఒకప్పుడు అది దిసారి నోట, అవ్వ నోట ఉండేది. ఇప్పుడు ఎవరి నోట ఉంది?

మేము తిరిగి వచ్చాక మా బడిలో ఒక పని చేశాం. తోటలో చూసినట్టు చెట్లకు పలకలు కట్టాలని మొదట అనుకున్నాం. పిల్లలు నవ్వారు. బడి వెనుక గుట్ట మీద ఏ చెట్టు ఏదో వాళ్లకు పలక లేకుండానే తెలుసు. అందుకని పలకలు మాని, ఒక నోటుబుక్కులో నాలుగు గడులు గీశాం. చెట్టు పేరు మన భాషలో. దేనికి పనికొస్తుంది. ఎప్పుడు కోయాలి. ఎంత వదిలిపెట్టాలి.

మొదటి రెండు గడులు ఒక్క పూటలో నిండాయి. మూడోది సగం నిండింది. నాలుగోది దాదాపు ఖాళీ. ఇంటికి వెళ్లి పెద్దవాళ్లను అడిగి రమ్మన్నాం. ఐదో తరగతి పాప మరునాడు వచ్చి, “మా అవ్వ నవ్వింది సార్. ఇది కూడా రాసుకోవాలా అంది” అని చెప్పింది. తర్వాత అవ్వ చెప్పిందట: అడ్డాకు కోసేటప్పుడు లేత చిగురు ముట్టకూడదు, తీగను లాగకూడదు, రేపు వచ్చేవాళ్లకు ఉంచాలి. పాప అది వంకర అక్షరాలతో నాలుగో గడిలో రాసింది.

నోటుబుక్కులో ఇంకా చాలా గడులు ఖాళీగానే ఉన్నాయి. చెప్పగలిగిన అవ్వలు మా ఊళ్లో కొద్దిమందే మిగిలారు. మీ బడిలోనూ ఒక నోటుబుక్కు తీసి, ఈ ఏడాదే మొదలుపెట్టండి.