గొడుగు పట్టే చెయ్యి

వానలో బిడ్డను బడికి తీసుకెళ్లే తల్లిని చూడండి. గొడుగు బిడ్డ వైపే ఒరిగి ఉంటుంది. తల్లి భుజం తడిసిపోతుంది.

అబ్దుల్ కలాం తరచూ చెప్పిన ఒక సంగతీ ఇలాంటిదే. 1979లో శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ సముద్రంలో కూలింది. ఆ పనికి సారథి కలాం. కానీ విలేకరుల ముందు బాధ్యత తలకెత్తుకున్నది ఇస్రో అధిపతి సతీశ్ ధావన్. మరుసటి ఏడాది ప్రయోగం ఫలించింది. ఈసారి విలేకరులతో మాట్లాడమని ధావన్ కలాంనే పంపారు.

వాన పడినప్పుడు గొడుగు పట్టారు. వెలిశాక పక్కకు జరిగారు.

మీ కింద నలుగురు పనిచేస్తున్నారా? ఈరోజు ఎవరివల్లో పొరపాటు జరగొచ్చు. దిద్దడం తర్వాత, నాలుగు గోడల మధ్య. ముందు గొడుగు. మీ భుజం కాస్త తడుస్తుంది. తడవనివ్వండి.