అనుభవము హక్కా, ఋణమా?

పొలము దున్నుకొనుచు, గ్రామపంచాయతిలో ఏండ్ల తరబడి పదవి వహించిన యొక రైతు పట్టణ పాలకసభకు అభ్యర్థియై నిలిచినాడనుకొందము. జగిత్యాల చేరువనున్న సారంగాపూరు వంటి సీమలో నిట్టివారిని మన మెరుగుదుము. “ఇన్నేండ్లు చేసినవాడను, ఇప్పుడును నాకే చెల్లవలెను” అని యాతని వాదము. ఈ వాదములో ధర్మ మెంత?

అనుభవమును మేము తక్కువ చేయము. గెట్టు తగవు తీర్చుట, చెరువు తూమునీటిని పంచుట పుస్తకములవలన రావు. కాని దీర్ఘకాలము పదవిలో నున్నవాడు పని నేర్చియుండవచ్చును. పని తప్పించుకొను దారులును నేర్చియుండవచ్చును. ఏండ్ల సంఖ్య ఈ రెంటిలో నేది నిజమో చెప్పజాలదు.

తెలంగాణమున మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ పదవులు తరతరములు వంశహక్కులై నడచినవి. అధికారము ఆస్తియైనప్పుడు ప్రజ యెంత నలిగినదో మన పెద్ద లెరుగుదురు. 1984లో నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆ పదవులను రద్దుచేసెను. 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగసవరణ పంచాయతులకు అయిదేండ్ల గడువు విధించి, స్త్రీలకు మూడవవంతుకు తగ్గకుండ స్థానములు కేటాయించెను. గడువు పెట్టుటలోని భావ మేమి? పదవి పట్టాభూమి కాదు, కౌలుభూమి యనియే గదా!

ఇది నేటి తలంపు మాత్రమే కాదు. తమిళదేశమందలి ఉత్తరమేరూరులో పదవ శతాబ్దపు చోళశాసనము లున్నవి. వాని ప్రకారము గ్రామసంఘములలో పనిచేసి లెక్కలొప్పచెప్పనివాడు మరల ఎన్నికకు అనర్హుడు. వాని దగ్గరి బంధువులును అనర్హులే. గడచిన మూడేండ్లలో పదవి చేసినవానికిని అవకాశము లేదు. ఆ సభ బ్రాహ్మణ భూస్వాములది; కూలివానికిగాని స్త్రీకిగాని అందు చోటు లేదు. ఆ సంకుచితత్వమును విడిచి, లెక్క నడుగు ధర్మమును మాత్రము మనము గ్రహింపవలెను.

అనుభవము లేనివాడు అభ్యర్థి కారాదా? 2019 లోకసభ ఎన్నికలలో, జగిత్యాల, కోరుట్ల ప్రాంతములు చేరియున్న నిజామాబాదు స్థానమునకు 185 మంది పోటీచేసిరి. వారిలో 170 మందికి పైగా రైతులు. పసుపునకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావలెననియు, పసుపు బోర్డు కావలెననియు వారి కోరిక. వారిలో నెవ్వరును గెలువలేదు. కాని వారి ప్రశ్న దేశమంతయు విన్నది. బోర్డు 2025 జనవరిలో నిజామాబాదున ప్రారంభమైనది. పదవి తనకొరకా, ప్రశ్నకొరకా యనుటయే అభ్యర్థికి గీటురాయి యని దీనివలన తెలియుచున్నది.

కావున మన రైతును ఆతని వృత్తిధర్మముతోనే పరీక్షింతము. చెరువు నిండినదా యని తూముకడ మడి నడిగిన లాభము లేదు, చివరి మడి నడుగవలెను. ఆతని పాలనలో నీరు, దీపము, బాట చివరి వాడకు చేరినవా? ఈ లెక్క గృహిణులకు తెలిసినంత మరెవ్వరికి తెలియును? ఇంటి పెద్ద చెప్పిన గుర్తునకే ఇల్లంతయు వోటు వేయు ఆచారము మానిన నాడు, ఆ లెక్క బయటికి వచ్చును.

తండ్రి పటేలు గనుక కొడుకును పటేలే యను మాటను మనము త్రోసివేసితిమి. నిన్న నేనే గనుక నేడును నేనే యను మాట దానికి తోబుట్టువు. అనుభవము ప్రజలవద్ద తీసికొన్న అప్పు. లెక్క చూపి తీర్చినవాడు మరల అడుగవచ్చును. చూపనివాడు ఎంత పెద్దవాడైనను బాకీదారుడే.