సగం చెప్పిన దారి

పదో తరగతి పరీక్షలు ముగిశాయంటే ప్రతి ఇంట్లోనూ ఒకే ప్రశ్న: "ఇక ఏం చదివించాలి?" చదువుకున్నవారి ఇంట్లో దీనికి జవాబు చెప్పేవారు నలుగురైదుగురు ఉంటారు. బాబాయి ఇంజనీరు, మేనత్త టీచరు, పక్కింటాయన బ్యాంకు ఉద్యోగి. భోజనాల దగ్గర మాటల్లోనే పిల్లవాడికి సగం లోకం తెలిసిపోతుంది. కూలికి వెళ్లే తల్లిదండ్రుల ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కబోయే మొదటి బిడ్డకు ఆ భాగ్యం లేదు. ఆ బిడ్డ ఎవరిని అడుగుతుంది? బడిలో మాస్టారిని, లేదా సిస్టరుగారిని, లేదా విచారణ గురువుగారిని. వారు చెప్పిన ఒక్క మాటే ఆమెకు దారి అవుతుంది.

ప్రియ పాఠకులారా, అందుకే సలహా చెప్పడం చిన్న విషయం కాదు. ఇందులో ఒక నైతిక ప్రశ్న ఉంది. పేదింటి బిడ్డకు "మీ స్తోమతుకు ఇదే తగినది" అని ఒక్క దారి మాత్రమే చూపించడం దయ అవుతుందా, అన్యాయం అవుతుందా?

ఒక ఉదాహరణ అనుకుందాం. కూలి పనిచేసుకునే దంపతుల కూతురు ప్రభుత్వ పాఠశాలలో చదివి పదిలో మంచి మార్కులు తెచ్చుకుంది. "పాలిటెక్నిక్‌లో చేరమ్మా, మూడేళ్లలో ఉద్యోగం వస్తుంది" అన్నారు మాస్టారు. ఆయన అబద్ధం చెప్పలేదు. డిప్లొమా గౌరవమైన చదువే. కాని ఆయన చెప్పనివి రెండున్నాయి. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి ఇంజనీరింగు రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చునని చెప్పలేదు. 2008లో గ్రామీణ విద్యార్థుల కోసం ప్రారంభమైన ట్రిపుల్ ఐటీలలో, అంటే నూజివీడు, ఇడుపులపాయ, బాసర వంటి చోట్ల, పది మార్కుల ఆధారంగా ఆరేళ్ల చదువుకు సీటు ఇస్తారని కూడా చెప్పలేదు. అంత చెబితే పిల్ల ఆశపడుతుందనీ, సీటు రాకపోతే బాధపడుతుందనీ ఆయన భయం.

ఆ భయాన్ని మనం తేలికగా కొట్టిపారేయకూడదు. అప్పు చేసి కాలేజీలో చేర్పించి, మధ్యలో మానిపించిన కుటుంబాలను మనం ఎరుగుదుము. ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము ఆలస్యమైతే కాలేజీవారు తల్లిదండ్రులను అడుగుతారు. పూర్తిగా కట్టేదాకా సర్టిఫికెట్లు ఇవ్వమనేవారూ ఉన్నారు. ఈ కష్టాలు తెలిసినవాడు జాగ్రత్త చెప్పడం తప్పు కాదు.

కాని జాగ్రత్త చెప్పడం వేరు, దారి దాచడం వేరు. కష్టం ఉందని చెబితే బిడ్డ ఆలోచించుకుంటుంది. దారే లేదనిపిస్తే ఆలోచించే హక్కునే మనం తీసుకున్నవాళ్లమవుతాం. డాక్టరుగారి అబ్బాయికి అన్ని దారులూ చెప్పి, కూలివాని కూతురికి ఒకటే చెప్పామంటే, ఆ తేడా వారి తెలివిలో లేదు, మన చూపులో ఉంది. ఎంత ప్రేమతో చేసినా అది అన్యాయమే.

దీనికి ఎదురుగా మరో తప్పుంది. తెలివైన బిడ్డ కనిపించగానే "ఎం.పి.సి. తీసుకో, ఇంజనీరువి కావాలి" అని తోసేవారున్నారు. ఫలితాల రోజుల్లో ప్రైవేటు కాలేజీల మనుషులు ఇంటింటికీ తిరిగి ఇలాగే చెబుతారు. పిల్లకు లెక్కల మీద ఇష్టముందా, హాస్టల్లో ఉండగలదా అని అడిగేవారు తక్కువ. అది మన గొప్పకోసం ఇచ్చే సలహా. మొదటిది బిడ్డను తక్కువగా చూస్తే, ఇది బిడ్డనే చూడదు.

మరి న్యాయమైన సలహా ఏది? అన్ని దారులూ, ఒక్కొక్కదాని ఖర్చూ కష్టమూ చెప్పాలి. ఏ దారి ఏ తలుపు మూస్తుందో కూడా చెప్పాలి. ఇంటర్‌లో సి.ఇ.సి. తీసుకున్నవారికి ఇంజనీరింగు దూరమవుతుంది, ఎం.పి.సి. చదివినవారు తరువాత బి.ఎ.లోనూ చేరవచ్చు. సమయానికి చెప్పాలి. పాలిసెట్ దరఖాస్తుల గడువు చాలాసార్లు పది ఫలితాలకు ముందే ముగుస్తుంది. మార్కులు చూసి చెబుదామనుకుంటే ఏడాది పోతుంది.

కాగితాల సంగతీ అంతే. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, స్టడీ సర్టిఫికెట్లు, టి.సి. వీటిలో ఒకటి లేక సీటు పోగొట్టుకోవడం మొదటి తరం బిడ్డలకే ఎక్కువగా జరుగుతుంది. మన విచారణల్లో చాలా కుటుంబాలకు సంబంధించిన సంగతి మరొకటుంది. షెడ్యూల్డు కులాల నుండి క్రైస్తవులైనవారికి 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్.సి. హోదా లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వారికీ వారి సంతతికీ బి.సి.-సి కింద 1 శాతం రిజర్వేషన్ ఉంది. ఈ ఏర్పాటు న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. కాని బిడ్డకు ఈ సంగతి కౌన్సెలింగు రోజున తెలిస్తే ఏం ప్రయోజనం?

చివరిగా తల్లిదండ్రుల మాట. వారు చదువుకోలేదని పక్కన పెట్టి బిడ్డతోనే మాట్లాడడం మనకు అలవాటు. అది వారిని అవమానించడమే. కాలేజీ ఫారం వారికి చదవరాకపోవచ్చు. తమ బిడ్డ దేనికి తట్టుకుంటుందో, ఇల్లు ఎంత మోయగలదో వారికి తెలిసినంతగా మరెవరికి తెలుసు? వారిని కూర్చోబెట్టి, వారికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. తరువాత నిర్ణయం వారిది, బిడ్డది. ఆ నిర్ణయం మనకు నచ్చకపోయినా దరఖాస్తు నింపడానికి తోడు వెళ్లాలి.

ఇది డబ్బుతో పని లేని సహాయం. పరీక్షల ముందు ఒక ఆదివారం, దివ్యబలిపూజ ముగిశాక, విచారణలో చదువుకున్నవారు ముగ్గురు నలుగురు గుడి ఆవరణలో ఒక బల్ల వేసుకుని కూర్చోవచ్చు. ఉద్యోగాలు చేసుకుంటున్న మనలో చాలామందికి ఒకనాడు ఎవరో ఒక మాస్టారు, ఒక సిస్టరు దారంతా చెప్పారు. ఆ ఋణం తీర్చుకోవడానికి ఈ ఏడు మన వీధిలో పది రాసే బిడ్డ ఎవరో ముందుగా కనుక్కుందాం.