ఏడవ దినమున మరల చూచుట

ధ్యాన భాగములు: లేవీయకాండము 13:1-8, మార్కు 8:22-26



లేవీయకాండము పదుమూడవ అధ్యాయమును మనలో అనేకులు త్వరత్వరగా చదివి దాటిపోవుదురు. మచ్చలు, వాపులు, వెండ్రుకల రంగు, ఇవి మనకేల యని తలంతురు. అయితే రోగి పడు వేదన నెరిగిన దేవుని జ్ఞానము అందులో కలదు.

ఒకని చర్మముమీద పొడ కనబడినప్పుడు అతడు యాజకునియొద్దకు రావలెను. గురుతులు స్పష్టముగా నున్నయెడల యాజకుడు అప్పుడే నిర్ణయము చెప్పును. స్పష్టముగా లేనియెడల రోగము లేదని పంపివేయకూడదు, ఉన్నదని ముద్ర వేయనుకూడదు. ఏడు దినములు అతనిని కడగా నుంచి, ఏడవ దినమున మరల చూడవలెను. అప్పటికిని తేలనియెడల మరి యేడు దినములు ఆగవలెను. పవిత్రుడని చెప్పబడిన తరువాత సహా ఆ పొడ వ్యాపించినయెడల, అతడు మరల వచ్చి కనబడవలెను. తేలని సంగతిని తేలలేదని ఒప్పుకొని, మరల చూచుటకు దినము నిర్ణయించుట దేవుని ధర్మశాస్త్రములోనే యున్నది.

ఈ సత్యము నేటి దినములలో ఒక రోగమునుబట్టి మనకు చక్కగా బోధపడును. అమెరికాలోని న్యూజెర్సీ, కనెక్టికట్ రాష్ట్రములలో మన తెలుగు బిడ్డలు అనేకులు కాపురమున్నారు. అక్కడి అడవి అంచులలో గసగసాల గింజంత పిడుదు ఒకటి కలదు. దాని కాటువలన లైమ్ వ్యాధి వచ్చును. 1975లో కనెక్టికట్‌లోని లైమ్ అను ఊరిలోను, చుట్టుపట్ల ఊళ్లలోను పిల్లలకు మోకాళ్లు వాచెను. పిల్లలకు అరుదుగా వచ్చు కీళ్లవాతమని వైద్యులు చెప్పిరి. పాలీ మర్రే అను తల్లి తన యింటివారి బాధలన్నిటిని వ్రాసి పెట్టుకొనెను. అరుదైన రోగము ఇన్ని యిండ్లలో ఏలాగు వచ్చునని ఆమెయు, మరియొక తల్లియు ఊరుకొనక అధికారులకు తెలిపిరి. యేల్ విశ్వవిద్యాలయపు డాక్టరు ఆలెన్ స్టీర్ ఆమె మాటలు శ్రద్ధగా విని, ఆ ఊళ్లలో విచారించెను. 1981లో విల్లీ బర్గ్‌డోర్ఫర్ అను శాస్త్రజ్ఞుడు ఆ పిడుదులలో రోగక్రిమిని కనుగొనెను.

క్రిమి దొరికినను చిక్కు పూర్తిగా తీరలేదు. ఈ రోగమునకు వాడుకగా చేయు రక్తపరీక్ష క్రిమిని చూపదు. క్రిమితో పోరాడుటకు శరీరము చేసికొను ప్రతిరక్షకములను చూపును. అవి తగినంతగా పుట్టుటకు కొన్ని వారములు పట్టును. గనుక మొదటి దినములలో రోగమున్నను లేదని రావచ్చును. రోగము కుదిరిన తరువాత సహా అవి నెలల తరబడి, ఏండ్ల తరబడి రక్తములో నిలిచియుండవచ్చును. గనుక ఉన్నదని వచ్చినను ఇప్పటి బాధ దానివలననే యని రూఢిగా చెప్పలేము. కాటు పడిన కొన్ని దినములకు దినదినము వ్యాపించు ఎర్రని మచ్చ కనబడినయెడల, ఆ ప్రాంతపు వైద్యులు రక్తపరీక్షకొరకు ఆగక మందు మొదలుపెట్టుదురు. మచ్చ లేక సందేహముండినయెడల, కొన్ని వారములకు మరల పరీక్షింతురు. యాజకుడు చూచినది కూడ మచ్చ వ్యాపించెనా లేదా యనియే గదా!

ఇది దూరదేశపు మాట యనుకొనవద్దు. మన చేల గట్లమీది పొదలలోనుండు సన్నని పురుగు కాటువలన స్క్రబ్ టైఫస్ అను జ్వరము మన జిల్లాలలోను వచ్చుచున్నది. కరచిన చోట చుట్టతో కాల్చినట్టు నల్లని పక్కు కట్టును. అది అందరికి కనబడదు. కనబడినను చంకలోనో గజ్జలోనో మరుగైయుండును. మొదటి వారములో రక్తపరీక్ష దీనిని పట్టలేకపోవచ్చును. గనుక జ్వరము తగ్గనియెడల సిగ్గుపడక ఆ పక్కును డాక్టరుకు చూపుడి. పొలములో పనిచేసిన సంగతి చెప్పుడి. తగిన మందు వేళకు పడినయెడల కుదురును. ఆలస్యమైనయెడల ప్రాణాపాయము కలుగును.

ఇందులో మనము నేర్చుకొనవలసినవి మూడు కలవు.

మొదటిది, ఇంటివారికి. పరీక్ష చీటీలో ఏమియు లేదని వచ్చినంతమాత్రమున, మంచము దిగలేని కోడలిని పనిదొంగ యనవద్దు. రహస్య పాపమేదో యున్నదని సంఘములో గుసగుసలాడవద్దు. యోబు స్నేహితులు ఏడు దినములు అతనితోకూడ నేలమీద మౌనముగా కూర్చున్నంతకాలము మంచి స్నేహితులే. కారణము తమకు తెలియునని నోరు తెరచినప్పుడే వారు అతనికి భారమైరి.

రెండవది, రోగికి. వెదకుట అవిశ్వాసము కాదు. ఏ దినమున జ్వరము వచ్చెనో, ఎక్కడ నొచ్చెనో వ్రాయించుకొని, నమ్మదగిన డాక్టరునొద్దకు మరల వెళ్లుడి. అయితే మనకు తోచిన రోగము పేరునే పట్టుకొని కూర్చుండరాదు. వేరొక రోగమని తేలినయెడల అదియు మేలే. విసిగిపోయినవారికి నిశ్చయమును అమ్మజూపువారు ప్రతి దేశములోను ఉందురు. లైమ్ వ్యాధికి మందు వాడిన తరువాతను బాధ నిలిచిన కొందరికి నెలల తరబడి అదే తరగతి మందులిచ్చి పరీక్షించి చూడగా, నిలకడయైన మేలు కనబడలేదు. కొందరికి కీడు కలిగెను. వారి బాధ నిజమే. అయినను నిజమైన బాధకు నిజముకాని మందు ఊరట కాదు. పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ తన కలిమియంతయు ఖర్చుపెట్టి మరింత సంకటపడెనని మార్కు వ్రాసెను. మేకను, మెడలోని పుస్తెను అమ్మకముందు సంఘపెద్దలతో ఆలోచించుడి.

మూడవది, సంఘమునకు. ఏడవ దినమున చూచుట యాజకునికి విధింపబడిన పని. రోగిని ఆగుమని చెప్పినవాడు తానును తిరిగి చూడవలెను. మన సంఘములో పరీక్షలు తేలక కనిపెట్టుచున్నవారు ఎవరు? పట్టణపు ఆసుపత్రికి వారితో వెళ్లువారు ఎవరు? బస్సు ఖర్చు ఎవరిత్తురు? ఆ దినము వారి గేదెకు మేత ఎవరు వేయుదురు?

బేత్సయిదా గ్రుడ్డివానిని ప్రభువు ముట్టి, ఏమి కనబడుచున్నదని అడిగెను. మనుష్యులు నడచు చెట్లవలె ఉన్నారని అతడు చెప్పెను. ప్రభువును మెప్పించుటకు అంతయు బాగుగా కనబడుచున్నదని అతడు అబద్ధమాడలేదు. ప్రభువు అతని అల్పవిశ్వాసమును గద్దింపలేదు, మరల చేతులుంచెను. మసకగా చూచినవానిని మసకలోనే విడిచిపోని ప్రభువు మనకున్నాడు.

ప్రభువా, పేరు తెలియని బాధతో రాత్రులు గడుపువారిని జ్ఞాపకము చేసికొనుము. వైద్యులకు ఓపికను, మాకు నోటికి కాపును దయచేయుము. వారియొద్దకు మరల వెళ్లు పాదములు మాకిమ్ము. ఆమేన్.