రాళ్లలో దాగిన గుణాలు

మనవాళ్లు పిల్లలకు శ్రీనివాస్, దామోదర్ అని దేవుడి పేర్లు పెట్టి, అల్లరి చేస్తే ఆ పేరుతోనే తిడతారు. కథలో పాత్రలకూ అలా దేవుడి పేర్లు పెడితే?

కువైట్‌కు చెందిన క్లినికల్ సైకాలజిస్టు నాయిఫ్ అల్ ముతవ్వా 2006లో ‘ది 99’ అనే కామిక్స్ మొదలుపెట్టాడు. 1258లో మంగోలులు బాగ్దాద్‌ను ధ్వంసం చేసినప్పుడు అక్కడి గ్రంథాలయంలోని జ్ఞానం 99 రత్నాల్లోకి చేరిందన్నది కల్పన. అవి దొరికిన ఒక్కో పిల్లవాడికి, పిల్లకు అల్లాహ్ 99 నామాల్లోని ఒక్కో గుణం శక్తిగా వస్తుంది. జబ్బార్‌కు బలం, నూరాకు వెలుగు.

చదవడానికి హాయిగా ఉంటుంది. చిక్కంతా తాత్వికం.

దైవగుణాన్ని మనిషికి అంటగట్టడం దేవుడికి సాటి కల్పించడమేనన్నది అభ్యంతరం. 2014లో సౌదీ మతపెద్దలు దీనికి వ్యతిరేకంగా ఫత్వా ఇచ్చారు. ఔదార్యం, కరుణ మనిషిలోనూ ఉండేవే అన్నది రచయిత వాదన. కథ నిర్మాణమూ ఆయనకే సాక్ష్యం చెబుతుంది: ఈ వీరులు ముగ్గురేసి కలిసి పనిచేస్తారు, ఎవరిలోనూ గుణాలన్నీ ఉండవు. పరిపూర్ణత దేవుడికే మిగిలింది కదా! అయినా భయం అర్థంలేనిదేమీ కాదు. పదేళ్ల పిల్లవాడు నామాన్ని ధ్యానించడు, బొమ్మను ఆరాధిస్తాడు. పిల్లల పత్రిక చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లకు ఈ తంటా రాలేదు. అక్కడ సాహసాలన్నీ మాంత్రికులతో, రాక్షసులతోనే.