చూపునకూ ధర్మమున్నది

మసక వెలుతురులో తాడును చూచి పామని భ్రమించడం మన వేదాంతులు తరచుగా చెప్పే దృష్టాంతం. అక్కడ లోపం వెలుతురుది. దీపం తెస్తే భ్రమ తొలగుతుంది. నేడు మన చేతిలోని తెరయే వెలుగుతున్నది. అయినను భ్రమ తొలగడం లేదు. చిత్రం చెప్పని దానిని చూచేవాడు తన భయంతోనో, ఆశతోనో పూరించుకొనడమే ఇందుకు కారణం.

ఇది క్రొత్త సంగతి కాదు. 20వ శతాబ్ది తొలినాళ్ళలో రంగూన్‌లో డి.ఎ. అహూజా రంగుల పోస్టుకార్డులు అమ్మేవారు. నలుపు తెలుపు ఛాయాచిత్రాలకు అచ్చులో రంగులద్దేవారు. ఆ కాలపు ఇటువంటి కార్డులలో చాలావాటి క్రింద మనిషి పేరుకు బదులు జాతి పేరో, వృత్తి పేరో ఉండేది. ఇంగ్లండులో దానిని అందుకొన్నవారికి అదొక వింత. మన పెద్దలు మేస్త్రీకి అప్పుపడి ఓడ ఎక్కినవారు. కోరంగి రేవు పేరిట కోరంగీలని పిలువబడినవారు. వారి మనుమలమైన మనకు బరువు మోసే కూలీ చిత్రం తాతగారిని తలపిస్తుంది. చిత్రం అదే, చూపు వేరు.

కనుక చిత్రానికి అర్థం కల్పించడంలో చూచేవాడికి భాగమున్నది. భాగమున్నచోట బాధ్యత కూడ ఉంటుంది. 2025 మార్చి 28న సగాయింగ్ ప్రాంతంలో 7.7 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు, నిజమైన శిథిలాల చిత్రాలతో పాటు కృత్రిమ మేధతో కల్పించిన దృశ్యాలు కూడ ఫోన్లలో వ్యాపించాయి.

"కల్పితమైతేనేమి, కలిగిన కరుణ నిజమే కదా?" అని కొందరు అడుగవచ్చు. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. నాటకం చూచి కార్చిన కన్నీరు కూడ మనస్సును మెత్తబరుస్తుంది. కాని నాటకం తాను నాటకమని దాచదు. ఒకసారి మోసపోయిన మనస్సు మరునాడు మాండలేలో ఇల్లు కూలిన తల్లి నిజమైన చిత్రాన్ని కూడ శంకిస్తుంది. అబద్ధపు చిత్రం వలన కలిగే పెద్ద హాని ఇదే: అది నిజమైన దుఃఖానికి దక్కవలసిన నమ్మకాన్ని హరిస్తుంది.

కావున తామ్వేలోని మన ఇండ్లలో పిల్లలకు అక్షరాలతో పాటు మూడు ప్రశ్నలు నేర్పుదాం. ఈ చిత్రం ఎవరు తీశారు? ఎక్కడ, ఎప్పుడు తీశారు? దాని క్రింది మాటలు ఎవరివి? జవాబు దొరకనప్పుడు దానిని మరొకరికి పంపక ఆగుదాం. బాధితులపట్ల మనం చూపవలసిన మర్యాదలో అదియు ఒక భాగమే.