క్షీరశుద్ధియు కాయకశుద్ధియు

పూజకు పాలు తెచ్చినవానిని పూర్వము పెద్దలు రెండు ప్రశ్నలడిగెడివారు. పాత్ర శుభ్రముగా తోమినావా? పాలలో నీరు కలుపలేదు గదా? నేడు మూడవ ప్రశ్నయు అడుగవలసివచ్చినది. ఆ పాలిచ్చిన గేదెకు మందేమైన వేసిరా? వేసి ఎన్ని దినములైనది?

నల్లమల యంచుననున్న అర్ధవీడు ప్రాంతమున వర్షము తక్కువ. మెట్టపైరును నమ్ముకొనుట కష్టము. పైరు పోయిన యేట అనేక గృహములను నిలుపునది పాడియే. అట్టిచోట ఒక్క గేదె గల కుటుంబమును భావింతము. గేదెకు పొదుగువాపు వచ్చినది. పశువైద్యుడు ప్రతిజీవక ఔషధమును, అనగా యాంటీబయాటిక్ మందును ఇచ్చి, చికిత్స ముగిసిన పిదప ఏడు దినముల వరకు పాలు ఎవరికిని పోయరాదని చెప్పెను. మూడవనాటికే వాపు తీసినది. పాలు తెల్లగా, చిక్కగా నున్నవి. రంగున గాని రుచిన గాని భేదము కానరాదు. ఇంట బియ్యము నిండుకొన్నది. ఆ పాలను కేంద్రమునకు పోసినచో తప్పేమి? ఎవరు చూచెదరు?

వైద్యుడు చెప్పిన గడువు ఊరక చెప్పినది కాదు. ఆహారమునిచ్చు జంతువులకు వాడు మందుల పెట్టెలపై, మందు మానిన తరువాత ఎన్నాళ్లు వేచియుండవలెనో ముద్రింపవలెనని 2012లో మన దేశపు ఔషధ నియమములందు చేర్చిరి. ఆ గడువు ప్రత్యేకముగా నిర్ణయింపబడని మందునకు పాలు, గ్రుడ్ల విషయమున ఏడు దినములకును, మాంసము విషయమున ఇరువది యెనిమిది దినములకును తగ్గరాదని విధించిరి.

ఆ గడువునకు ముందు పిండిన పాలలో మందు శేషము నిలిచియుండవచ్చును. కాచినంత మాత్రమున అది పూర్తిగా నశింపదు. ఒక్కొక్కప్పుడు అట్టి పాలు తోడువేసినను సరిగా తోడుకొనవు. పెరుగునకు కావలసిన సూక్ష్మజీవులను గూడ ఆ మందు అణచివేయుటయే కారణము. పెన్సిలిన్ పడనివారికి ఆ శేషము కీడు చేయగలదు. అంతకన్న పెద్ద కీడు మరియొకటి కలదు. మందును అవసరము లేనిచోట వాడినను, చాలీచాలని మోతాదున వాడినను, దానికి లొంగని క్రిములు మిగిలి వృద్ధిపొందును. అవి పేడతో పొలమునకును, నీటితో ఊరికిని చేరును. తమ మొండితనమును ఇతర క్రిములకును పంచియిచ్చును. పెన్సిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమాన సందర్భమున చేసిన ఉపన్యాసమందే, చాలని మోతాదు క్రిములను మొండివానిగా చేయునని హెచ్చరించెను.

అర్ధవీడునకు సమీపముననే కంభము చెరువు కలదు. ఎగువవారు తూములు తెరచి నీరు వృథా చేసినచో దిగువ మడి ఎండును. ఎండిన మడివాడు తనకు నష్టము చేసినవానిని ఎరుగకపోవచ్చును. మందుల శక్తియు అట్టి ఉమ్మడి చెరువే. దానిని ఒకడు వృథా చేసిన ఫలము, ఏ ఆసుపత్రిలోనో జ్వరముతో పడియున్న ముక్కుమొగము తెలియని పసిబిడ్డ అనుభవించును.

ఈ కథలో తెలుగువారికి సంబంధించిన ఒక ఘట్టము కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు అధిపతియై యుండగా, డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. అది 1948లో లోకమునకు ప్రకటింపబడెను. ఆ సంవత్సరమే సుబ్బారావు గతించెను. పిమ్మట ఆ సంస్థలోనివారే ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేపి, అవి త్వరగా పెరుగుట గమనించిరి. రోగుల కొరకు పుట్టిన మందు ఆ విధముగా రోగము లేని జీవముల మేతతొట్టిలోనికి దిగినది. స్వీడన్ దేశము 1986లోను, ఐరోపా సమాఖ్య 2006లోను పెరుగుదల కొరకు ఇట్లు మేపుటను నిషేధించినవి. మానవ వైద్యమున చివరి ఆధారముగా దాచుకొన్న కొలిస్టిన్ అను మందును ఆహారజంతువులకు వాడరాదని మన ప్రభుత్వము 2019 జూలైలో ఉత్తరువు చేసినది.

ఇది మాంసాహారుల చింతయే గాని మనది కాదని శాకాహార కుటుంబములు తలంచరాదు. 2018లో దేశమంతట సేకరించిన 6,432 పాల నమూనాలలో 77 నమూనాలందు ప్రతిజీవక శేషము అనుమతించిన మితిని దాటియున్నట్లు ఆహార భద్రతాధికార సంస్థవారి పరిశీలనలో తేలినది. నూటికి ఒకటి కన్న కొంచెమే యెక్కువ గావున భయపడి పాలు మానవలసిన పని లేదు. పాలు త్రాగువారికి ఈ విషయము పట్టదనుటకును వీలు లేదు.

అట్లని, మందు మైలయని తలంచి పశువునకు చికిత్స మానిపించుట ధర్మమగునా? కానేకాదు. నోరులేని జీవము నొప్పితో విలవిలలాడుచుండగా పాలశుద్ధి కొరకు మందు నిరాకరించుట క్రౌర్యమే. బసవేశ్వరుడు ధర్మమునకు దయయే మూలమని బోధించెను. కావున రోగమున్నచోట వైద్యుడు చెప్పిన మందును చెప్పినన్నాళ్లు వేయవలెను. రోగము లేనిచోట వేయరాదు. పాలు పిండువాని చేతులు, పొదుగు, కొట్టపు నేల శుభ్రముగా నుంచినచో పొదుగువాపు చాలవరకు రానే రాదు.

ఇక ఆ ఏడు దినముల నష్టము ఎవరిది? ఇచ్చటనే మన ధర్మబుద్ధికి పరీక్ష. మంచి పాలు కావలెనని ఊరంతయు కోరును. పారబోసిన పాల వెల మాత్రము ఆ పేదయింటివారే భరింపవలెనందురు. ఇది న్యాయము కాదు. కాయకమనగా కేవలము కష్టించుట కాదు, ఆ కష్టఫలము పరులకు హాని చేయకుండుటయు. పాడివాడు పాలు నిలిపివేయుట అతని కాయకశుద్ధి. ఆ నష్టమున పాలుపంచుకొనుట కొన్నవారి దాసోహము. ఏటికాలమంతయు ఆ యింటి పాలు త్రాగినవారు ఆ వారమునకును డబ్బు చెల్లింపవచ్చును. మఠములును, పాలసంఘములును ఇందుకై చిన్న నిధి యేర్పరుపవచ్చును. నిజము చెప్పినవానికి నష్టము కలుగుచోట అబద్ధము పెరుగును. నిజము చెప్పినవానిని ఊరు ఆదుకొన్నచోట పాలు వాటంతట అవే శుద్ధమగును.

కావున ఇకమీదట "మా గేదెకు మందు వేసితిమి, ఈ వారము పాలు లేవు" అని ఎవరైన వచ్చి చెప్పినచో, ఖాళీపాత్రతో వచ్చినాడని చిన్నచూపు చూడరాదు. ఆ ఖాళీపాత్రయే ఆనాటికి శుద్ధమైన అర్పణమని గ్రహించి, అతనిని ఆదరముతో కూర్చుండబెట్టి, ఆ యింట పొయ్యి వెలుగుచున్నదో లేదో విచారింపవలెను.